గజం అంటే ఎంత? పిల్లల చేత ఇల్లు గీయిద్దాం రండి!

పత్తర్‌గట్టిలో లంగా గుడ్డ తీసుకునేటప్పుడు మా అత్తయ్య ఇప్పటికీ "ఎన్ని గజాలు పడుతుంది నాయనా?" అనే అడుగుతుంది. కొట్టువాడు మీటర్లలో కొలిచిచ్చినా సరే, ఆవిడ నోట గజమే వస్తుంది. సాయంత్రం గల్లీలో నలుగురం కూచుంటే ఇంకో ప్రశ్న: "గౌలిపురలో జాగా గజం ఎంతుందట ఇప్పుడు?" రెండు చోట్లా గజమే. మరి రెండూ ఒకటేనా?

ఒకటి కాదు! గుడ్డ గజం పొడవు, అంటే మూడడుగులు. జాగా గజం వైశాల్యం. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కలిపి తొమ్మిది చదరపు అడుగులు. మాట ఒకటే, లెక్క వేరు. మన పిల్లలు అయిదో తరగతిలోనో ఆరో తరగతిలోనో "చుట్టుకొలత - వైశాల్యం" అనే పాఠం దగ్గర ఎందుకు తికమకపడతారో ఇక్కడే తెలిసిపోతుంది. సూత్రాలు రెండూ గడగడా అప్పజెపుతారు. "తోటకి కంచె వేయాలి, ఎంత తీగ కావాలి?" అని లెక్క ఇస్తే మాత్రం పొడవుని వెడల్పుతో హెచ్చవేసి కూచుంటారు. సూత్రం వచ్చింది గానీ అది దేన్ని కొలుస్తుందో తెలియలేదన్నమాట.

పోయినవారం "ఇంటి బడి"లో బియ్యపు వడియాలతో భిన్నాలు చెప్పుకున్నాం. ఈ వారం పిల్లల చేత ఏకంగా ఇల్లే కట్టిద్దాం. ఇటుక, సిమెంటు అక్కర్లేదు. గళ్ల నోటుబుక్కు ఒకటి చాలు.

ముందుగా లేసూ, గుడ్డా

లెక్కలోకి దిగేముందు పిల్లల చేతికి ఒక జేబురుమాలు ఇవ్వండి. "దీని అంచు చుట్టూ లేసు కుట్టాలి. ఎంత లేసు కావాలి?" అని అడగండి. పురికొస ముక్కతో అంచు వెంబడి కొలుస్తారు. నాలుగు పక్కలూ కలిపితే వచ్చేదే చుట్టుకొలత. తర్వాత "ఈ రుమాలుకి గుడ్డ ఎంత పట్టింది?" అనండి. అప్పుడు పురికొస పనికిరాదని వాళ్లకే తెలుస్తుంది. దాని మీద చిన్న చిన్న చదరాలు పరచాలి. ఎన్ని చదరాలు పడితే అంత వైశాల్యం. లాడ్‌బజార్లో లేసు కొన్న ఏ ఆడదానికైనా ఈ తేడా ఒకరు నేర్పక్కర్లేదు. మన చేతికి తెలిసినదాన్ని పిల్లలకి నోటితో చెప్పడమే మిగిలింది.

ఇంట్లోనే ఇంకో ఉదాహరణ ఉంది, కిందికి చూడండి. నేలమీద పరిచిన బండలు వైశాల్యం. గోడ అడుగున చుట్టూ వేసిన స్కర్టింగు పట్టీ చుట్టుకొలత. మన పాతబస్తీ ఇళ్లలో ఎక్కువగా ఉండేవి షాబాదు బండలో తాండూరు బండలో కదా! షాబాదు అనే ఊరు కర్ణాటకలో కలబురగి జిల్లాలో ఉంది, తాండూరు మన వికారాబాదు జిల్లాలో ఉంది. ఆ ఊళ్ల పేర్లే బండలకి వచ్చాయి. పిల్లలకి ఈ సంగతి చెబితే కాస్త భూగోళం కూడా అబ్బుతుంది.

పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు ఉన్న గదికి రెండడుగుల చదరం బండలు ఎన్ని కావాలి? గది 108 చదరపు అడుగులు. బండ ఒక్కోటి 4 చదరపు అడుగులు. 108ని 4తో భాగిస్తే 27. "మరి తొమ్మిదడుగుల వైపు రెండడుగుల బండలు సరిగ్గా సరిపోవు కదమ్మా?" అని మా చిన్నవాడు అడిగాడు. మంచి ప్రశ్నే! ఆ వైపు నాలుగు వరసలు నిండుగా పడతాయి, అంటే 24 బండలు. చివర అడుగు మేర మిగులుతుంది. అక్కడికి మూడు బండల్ని సగానికి కోసి ఆరు ముక్కలు చేస్తే సరిపోతుంది. మొత్తం 27. కోతలో పగిలేవాటికి రెండుమూడు ఎక్కువ తెప్పించుకోవాలనుకోండి. ఇక స్కర్టింగుకి చుట్టుకొలత 42 అడుగులు. దర్వాజ మూడడుగులు పోతే 39. ఒకే గది, రెండు లెక్కలు. ఇంట్లో మేస్త్రీ పని చేస్తున్న రోజైతే ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. మేస్త్రీ చెప్పిన సంఖ్యతో పోల్చి చూసుకోవడం మీకూ మంచిదే.

కావలసినవి

గళ్ల నోటుబుక్కు ఒకటి. పెన్సిలు, రబ్బరు. కుట్టుపని టేపు (అది అరవై అంగుళాలు, అంటే అయిదడుగులు ఉంటుంది). అడుగుకొక ముడి వేసిన పురికొస ఇరవై అడుగులు. అగ్గిపుల్లలు రెండు డజన్లు. రంగుకాగితాలు, కత్తెర. వీటితోపాటు ఒక ఆదివారం మధ్యాహ్నం, కొంచెం ఓపిక!

తయారుచేసే విధానం

మొదట ఉన్న ఇంటిని కొలిపించండి. ఒక పిల్ల పురికొస పట్టుకుంటే ఇంకో పిల్లవాడు రాయాలి. గళ్ల పుస్తకంలో ఒక గడి ఒక అడుగు అనుకోమనండి. వంటిల్లు ఎనిమిదికి ఆరు అయితే ఎనిమిది గళ్లు, ఆరు గళ్లు గీస్తారు. లోపలి గళ్లు లెక్కపెడితే 48. చుట్టూ ఉన్న గీతలు లెక్కపెడితే 28. ఇక్కడ తొందరపడి సూత్రం చెప్పెయ్యకండి. నాలుగు గదులు లెక్కపెట్టేసరికి "గళ్లు లెక్కపెట్టడం ఎందుకు, హెచ్చవేస్తే వచ్చేస్తోంది కదా!" అని వాళ్లే అంటారు. సూత్రం వాళ్లు కనుక్కున్నదైతే మరిచిపోరు.

రంగుకాగితాలతో సామాను కత్తిరించమనండి. మంచం ఆరుకి నాలుగు, బీరువా మూడుకి ఒకటిన్నర, గ్యాసుగట్టు వెడల్పు రెండు. గదిలో వాటిని అటూ ఇటూ జరిపి చూసుకుంటారు. గది 80 చదరపు అడుగులు ఉన్నా మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోకపోవచ్చు. ఆ సంగతి కాగితం మీద ముందే తెలిస్తే ఎంత సుఖం!

తర్వాత కొత్త ఇల్లు. "మీకు 60 గజాల జాగా ఇచ్చాను. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై ఏడడుగుల లోతు. మన అందరికీ ఇల్లు గీయండి" అనండి. 60 గజాలంటే 540 చదరపు అడుగులు. మా పెద్దమ్మాయి, ఏడో తరగతి, గీసిన ఇల్లు ఇదిగో. గల్లీ వైపు హాలు 12కి 12, పక్కన వరండా 8కి 12. దాని వెనక పడకగది 12కి 10, వంటిల్లు 8కి 10. అన్నిటికన్నా వెనక స్నానాలగది 6కి 5, లెట్రిన్ 4కి 5, పెరడు 10కి 5. కూడి చూడండి: 144, 96, 120, 80, 30, 20, 50. సరిగ్గా 540! ఎక్కడైనా కూడిక తప్పితే ఇంట్లో ఏ మూలో లెక్కకి రాని ఖాళీ ఉందనో, రెండు గదులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయనో తెలుస్తుంది. లెక్క సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఏముంది?

ఇప్పుడు చిన్న మెలిక పెట్టండి: "గోడలేవమ్మా?" పిల్లలు తెల్లబోతారు. గోడ మందం తొమ్మిదంగుళాలు అనుకుందాం. బయటి గోడలు నాలుగువైపులా వేస్తే లోపల మిగిలేది పద్దెనిమిదిన్నరకి ఇరవై అయిదున్నర. హెచ్చవేస్తే 471 ముప్పావు చదరపు అడుగులు. అంటే 68 చదరపు అడుగుల పైచిలుకు, ఏడున్నర గజాలు గోడలే మింగేశాయి! లోపలి గోడల మాట ఇంకా రాలేదు. ఫ్లాట్లు కొనేవాళ్లు ప్లింత్ ఏరియా, కార్పెట్ ఏరియా అని మాట్లాడుకోవడం వింటుంటాం కదా. కార్పెట్ ఏరియాలో బయటి గోడల మందం లెక్కకి రాదు. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం ఫ్లాట్లకి కార్పెట్ ఏరియానే ఆధారం చేసింది. ఆ పదం వెనక ఉన్నది ఈ గోడల లెక్కే. మన ఏడో తరగతి పిల్లకి అర్థమైన లెక్క, ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేముందు మనకీ అర్థం కావద్దూ!

అగ్గిపుల్లల ఆట

ఇరవైనాలుగు అగ్గిపుల్లలు ఇచ్చి "ఇవన్నీ వాడి, ఎక్కువ గళ్లు పట్టే గది కట్టండి" అనండి. పుల్లలు అవే, చుట్టుకొలత ఎప్పుడూ 24. కానీ పదకొండుకి ఒకటి పెడితే 11 గళ్లే. పదికి రెండు 20, తొమ్మిదికి మూడు 27, ఎనిమిదికి నాలుగు 32, ఏడుకి అయిదు 35, ఆరుకి ఆరు 36. సన్నగా సాగదీసేకొద్దీ లోపలి చోటు తగ్గిపోతుంది. చదరమైతే ఎక్కువ పడుతుంది.

ఆటని తిరగేసి కూడా ఆడించవచ్చు. 36 గళ్లు ఉండాలి, గోడ ఎంత తక్కువ? ముప్పైఆరుకి ఒకటైతే 74 పుల్లలు, పద్దెనిమిదికి రెండైతే 40, పన్నెండుకి మూడైతే 30, తొమ్మిదికి నాలుగైతే 26, ఆరుకి ఆరైతే 24. గోడ అంటే ఇటుక, సిమెంటు, సున్నం, కూలీ. అదే చోటుకి మూడింతలు గోడ ఎవరు కడతారు చెప్పండి?

2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు పడకగదుల ఇళ్లు 560 చదరపు అడుగులవి. ఆ తర్వాత వచ్చిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలన్నారు. 600 చదరపు అడుగుల ఇంటిని పిల్లలచేత నాలుగు రకాలుగా గీయించండి. పన్నెండుకి యాభై అయితే చుట్టూ 124 అడుగుల గోడ. పదిహేనుకి నలభై అయితే 110. ఇరవైకి ముప్పై అయితే 100. ఇరవైనాలుగుకి ఇరవైఅయిదు అయితే 98. సొంతంగా కట్టుకునే పేదింటికి ఇరవై అడుగుల గోడ మిగలడం చిన్న సంగతి కాదు.

ఇంకో తమాషా చూడండి. పదికి ఎనిమిది గదిలో ఒక మూల మూడుకి రెండు ముక్క కోసేస్తే వైశాల్యం 80 నుంచి 74కి తగ్గుతుంది. మరి చుట్టుకొలత? అదే 36! పిల్లలు నమ్మరు. వేలితో గీత వెంట నడిపించండి, నమ్ముతారు.

ముగ్గు చుక్కల్లో దాగిన లెక్క

మనం రోజూ వాకిట్లో పెట్టే చుక్కలు కూడా గళ్ల కాగితమే కదా! నాలుగు చుక్కలు మూడు వరసలు పెట్టి చుట్టూ గీత గీస్తే లోపల గళ్లు పన్నెండు కావు, ఆరే. చుక్కలు నాలుగైతే వాటి మధ్య సందులు మూడే కదా. కంచె గుంజల లెక్కలో పిల్లలు తడబడేది కూడా ఇక్కడే.

1899లో జార్జ్ పిక్ అనే ఆస్ట్రియా గణితజ్ఞుడు ఒక చక్కని సూత్రం ఇచ్చాడు. చుక్కల్ని కలుపుతూ తిన్నని గీతలతో ఏ ఆకారం గీసినా సరే, గీతలు ఒకదాన్నొకటి దాటకుండా, మధ్యలో బొక్క లేకుండా ఉంటే చాలు. లోపల ఉన్న చుక్కలు లెక్కపెట్టండి. గీత మీద ఉన్న చుక్కల్లో సగం దానికి కలపండి. ఒకటి తీసెయ్యండి. అదే వైశాల్యం! మన నాలుగు-మూడు ముగ్గులో లోపల చుక్కలు 2, గీత మీద 10. రెండు, అయిదు కలిపి ఒకటి తీస్తే ఆరు. సరిపోయింది కదా! వంకరటింకర జాగా అయినా, అయిదు మూలల ముగ్గయినా ఇదే లెక్క. ఎదురింటి ఆపా కూతురు మా వాకిట్లో చాక్‌పీసుతో గీసి పదిసార్లు సరిచూసింది, ఒక్కసారీ తప్పలేదు.

మన తెలుగువాళ్లకి ఈ శాస్త్రం కొత్తదేం కాదు సుమండీ! తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహంలో క్షేత్రాల కొలతలకి ఒక భాగమే ఉంది. దాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల్ని పద్యాలుగా చదువుకున్న జాతి మనది. లెక్కలంటే ఆడపిల్లలకి కష్టం అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో గానీ, చుక్కల ముగ్గు పెట్టే చెయ్యి ఆ మాట ఒప్పుకోకూడదు.

చార్మినార్ దగ్గర ఒక సాయంత్రం

ఇంటి లెక్క వచ్చాక పిల్లల్ని చార్మినార్‌కి తీసుకెళ్లండి. 1591లో కట్టిన ఈ కట్టడం చదరంగా ఉంటుంది, ఒక్కో పక్క సుమారు 20 మీటర్లు. చుట్టుకొలత 80 మీటర్లు, వైశాల్యం 400 చదరపు మీటర్లు. పిల్లల అడుగు అరమీటరు అనుకుంటే చుట్టూ 160 అడుగులు నడవాలి. మా చిన్నవాడికి అంతకంటే బాగా ఎక్కువ వచ్చాయి. "ఎందుకురా?" అంటే కాసేపు ఆలోచించి, "మనం కంచె బయటినుంచి నడిచాం కదమ్మా, మన చదరం పెద్దది" అన్నాడు. అంతకంటే ఏం కావాలి?

అక్కడినుంచి నాలుగడుగులు వేస్తే మక్కా మసీదు. 1694లో పూర్తయింది. దాని పెద్ద హాలు 67 మీటర్లకి 54 మీటర్లు అని పుస్తకాల్లో ఉంది. చుట్టుకొలత 242 మీటర్లు, అంటే చార్మినార్‌కి మూడింతలు. మరి వైశాల్యం? 3,618 చదరపు మీటర్లు, అంటే సుమారు తొమ్మిది చార్మినార్లు అందులో పడతాయి! చుట్టు మూడింతలైతే చోటు తొమ్మిదింతలు. "పదడుగుల గదిని ఇరవై అడుగుల గది చేస్తే రెండింతలు అవుతుంది" అనే పిల్లలకి ఈ రెండు కట్టడాలే జవాబు. రెండింతలు కాదు, నాలుగింతలు. బండలూ నాలుగింతలే, ఖర్చూ నాలుగింతలే!

ఇంటి పంపకంలో పిల్లల పటం

ఇదంతా పరీక్షలో పది మార్కుల కోసమే అనుకునేరు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

గౌలిపురలో మా మామగారి నాన్నగారు డంగుసున్నంతో కట్టించిన పాత ఇల్లు మాది. గల్లీ వైపు 24 అడుగులు, లోతు 45. మొత్తం 1,080 చదరపు అడుగులు, 120 గజాలు. పోయిన ఏడాది మావారు, బావగారు పంచుకుందాం అనుకున్నారు. "చెరో అరవై గజాలు. మధ్యలో తాడు పట్టుకుని గోడ లేపితే సరి" అన్నారు పెద్దలు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అలా గోడ లేస్తే అది సరిగ్గా మా అత్తయ్య గది మధ్యలోంచి పోతుంది. గల్లీ వైపు నడిమధ్యన ఉన్న పదడుగుల గది అది. యాభై ఏళ్లుగా ఆవిడ పడుకున్న గది. ఆవిడ ఏమీ అనలేదు. "మీ ఇష్టం నాయనా, నాకెంత చోటు కావాలి" అంది. ఆ మాట విన్నాక మా తోడికోడలూ నేనూ రెండురోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అప్పటికి పిల్లలు ఇళ్లు గీసే పనిలో ఉన్నారు. మా అమ్మాయి, బావగారి అబ్బాయి కలిసి ఈ పంపకాన్నే గళ్ల పుస్తకంలో వేశారు. నిలువునా కోస్తే ఒక్కో వాటా 12కి 45. వైశాల్యం 540, చుట్టుకొలత 114. గోడలు తీసేస్తే లోపల పదిన్నరకి నలభైమూడున్నర, 457 చదరపు అడుగులకి కాస్త తక్కువ. అచ్చం రైలుపెట్టె! వెనక గదికి పోవాలంటే ముందు గదులన్నీ తొక్కుకుంటూ పోవాలి. వద్దంటే మూడడుగుల నడవా వదలాలి. ముప్పై అడుగుల నడవా వదిలినా 90 చదరపు అడుగులు దానికే పోతాయి. మధ్య గదులకి వెలుతురు ఎక్కడినుంచి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

అడ్డంగా కోస్తే? వెనక వాటాకి దారి కావాలి. ఒక పక్కన నాలుగడుగుల సందు వదలాలి. ఆ సందు గజాలు ఎవరి ఖాతాలో? పెద్దవాళ్ల మాటలు ఆగిపోయింది అక్కడే. పిల్లలు "ఉమ్మడి ఖాతాలో" అని రాసుకుని, అడ్డగీతని గడి గడి చొప్పున వెనక్కి జరుపుతూ పోయారు. గల్లీ నుంచి ఇరవైనాలుగున్నర అడుగుల దగ్గర ఆగారు. ముందు వాటా 20కి ఇరవైనాలుగున్నర, 490. వెనక వాటా 24కి ఇరవైన్నర, 492. సందు 98. మూడూ కలిపితే 1,080. రెండు వాటాల మధ్య తేడా రెండు చదరపు అడుగులు! చుట్టుకొలత రెండిటికీ 89 అడుగులు. నిలువు పంపకం కన్నా ఒక్కోదానికి పాతిక అడుగుల గోడ తక్కువ. గోడలు తీసేస్తే ముందు దాంట్లో 425న్నర, వెనక దాంట్లో 427న్నర మిగులుతుంది. కాగితం మీద యాభై చదరపు అడుగులు పోతున్నాయనుకున్నది, గోడల లోపల చూస్తే ముప్పై దగ్గరే. నడవా అక్కర్లేదు కాబట్టి అదీ తిరిగొచ్చేసింది. అత్తయ్య గది చెక్కుచెదరకుండా ముందు వాటాలో ఉంది.

బావగారు పటం చాలాసేపు చూశారు. తర్వాత అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే. "గజాలు సమానమే, ఒప్పుకుంటాను. గల్లీ ముఖం లేని జాగాకి గజం ధర కూడా సమానమేనా?" నిజమే కదా! వైశాల్యం ఎంతో పటం చెబుతుంది గానీ దాని విలువ ఎంతో చెప్పదు. దానికి పెద్దలు మళ్లీ కూచున్నారు. వెనక వాటాలో చేదబావి, ఎండ పడే పెరడు ఉన్నాయి. ముందు వాటా తీసుకున్నందుకు మేం కొంత సొమ్ము వాళ్లకి ఇచ్చేలా ఒప్పుకున్నాం. సందు ఉమ్మడి అని దస్తావేజులో రాయించుకున్నాం. సొమ్ము దగ్గర మాటామాటా రాలేదని చెప్పను, వచ్చింది. ఇప్పటికీ రెండిళ్ల మధ్య కాస్త పెడసరం ఉంది. కానీ "నాకు తక్కువ కొలిచారు" అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు, రాదు. కొలిచింది ఇద్దరి పిల్లలూ కాబట్టి.

గమనించవలసిన సంగతులు

పిల్లలు కొలతలు రాసేటప్పుడు పక్కన అడుగులా, చదరపు అడుగులా అని తప్పకుండా రాయించండి. సగం తప్పులు అక్కడే పోతాయి. తొమ్మిది చదరపు అడుగులు ఒక గజం, 121 గజాలు ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. ఈ మూడూ ఫ్రిజ్ మీద రాసి అంటించండి. ఆంధ్రా వైపు చుట్టాలు సెంట్లలో చెబుతారు, సెంటుకి 48.4 గజాలు.

అయిదో తరగతి లోపు పిల్లలకి గోడల మందం వద్దు, గళ్లు చాలు. ఆరు, ఏడు తరగతుల వాళ్లకి గోడలూ, తలుపులూ పెట్టించండి. పై తరగతుల వాళ్లకి గోడకి రంగు లెక్క ఇవ్వండి: గది చుట్టుకొలతని ఎత్తుతో హెచ్చవేసి, తలుపులూ కిటికీలూ తీసెయ్యడమే. ఇక్కడ చుట్టుకొలతే వైశాల్యానికి దారి చూపిస్తుంది!

పిల్లవాడు గీసిన ఇంట్లో వంటింటికి కిటికీ మరిచిపోతే కోప్పడకండి. "మరి అమ్మకి గాలి ఎలారా?" అని అడగండి చాలు. రబ్బరు తీసుకుని వాడే చెరిపి గీస్తాడు. ఎవరి గదికి ఎంత చోటు ఇచ్చారో కూడా ఒకసారి చూడండి. మా చిన్నవాడు మొదటి పటంలో తనకి 150 చదరపు అడుగులు, వంటింటికి 24 ఇచ్చుకున్నాడు! వాళ్లక్క వాడి చేత ఆ 24 గళ్లలో గ్యాసుగట్టు, గిన్నెల అలమర, నీళ్ల డ్రమ్ము కాగితం ముక్కలు పెట్టించింది. నిలబడడానికి చోటు మిగల్లేదు. రెండో పటంలో వంటిల్లు 80కి పెరిగింది.

ఈ వారం మీకో లెక్క. 30 అడుగుల వెడల్పు, 36 అడుగుల లోతు జాగాలో మధ్యన పదికి పది భవంతి వాకిలి వదిలి చుట్టూ గదులు గీయించండి. గదులకి ఎంత చోటు మిగిలింది? లోపలి గోడ, బయటి గోడ కలిపి ఎన్ని అడుగులు? జవాబు మీ పిల్లల చేతే రాయించి పంపండి. వచ్చేవారం పచ్చడి జాడీలతో ఘనపరిమాణం చెప్పుకుందాం. జాడీలు కడిగి ఆరబెట్టుకుని సిద్ధంగా ఉండండి!